సమాధి చూస్తేగాని నమ్మని మ్యూరియల్

ఎవరు పోయారన్నా మ్యూరియల్ హెప్‌వర్త్ నమ్మేది కాదు. సమాధి చూడాలి, రాయి మీద పేరు చదవాలి. అప్పటిదాకా ఆవిడ లెక్కలో ఆ మనిషి బతికే ఉన్నట్టు, పక్క ఊళ్ళో రెండో పెళ్ళాం చేత వండించుకుని వేడివేడిగా తింటున్నట్టు.

దీనికి కారణం లేకపోలేదు. ఇంగ్లండులోని కీత్లీ ఊరి గ్రంథాలయం మేడ మీద గురువారం గురువారం వంశవృక్షాల సంఘం కూడుతుంది. మిగతావాళ్ళు తాతముత్తాతల్లో ఏ ప్రభువైనా దొరుకుతాడేమోనని వెతుక్కుంటుంటే, ఈవిడ మాత్రం పాత విడాకుల వెంట పడేది. వెనకటి రోజుల్లో విడాకులంటే తలవంపులు. జనాభా లెక్కలవాడు తలుపు తడితే, మొగుణ్ణి వదిలేసినావిడా, మొగుడొదిలేసినావిడా ఒకటే మాట చెప్పేవారు, "ఆయన పోయారండీ" అని. వాడు రాసుకుపోయేవాడు. ఆ తరవాత మనవలు ఆ కాగితం చూసి తాత కోసం కళ్ళు తుడుచుకునేవారు.

"మా అమ్మమ్మ పాపం చిన్న వయసులోనే విధవరాలైందండీ" అని ఎవరైనా అన్నారో, అయిపోయారన్నమాటే.

"సమాధి చూశావా తల్లీ?"

"లేదండీ."

"అయితే ఏడుపు కాస్త ఆపు. తాతయ్య ఎక్కడున్నాడో చూద్దాం."

కొన్నాళ్ళకి తాతయ్య లీడ్స్‌లో దొరికేవాడు. ఇంకో భార్యతో, ఇంకో పిల్లల గుంపుతో, నిక్షేపంలా.

అలవాటు ముదిరితే ఎక్కడ ఆగుతుంది? సంఘం అధ్యక్షుడి బావగారు పోతే పలకరింపుకి వెళ్ళి, టీ చేతికందగానే, "ఏ శ్మశానంలో?" అంది.

"దహనం చేశామండీ. బూడిద కొండ మీద చల్లేశాం" అంది ఆ వితంతువు.

మ్యూరియల్ ముఖం మాడిపోయింది. ఆ టీ ముట్టుకోలేదు. ఆ బావగారి విషయంలో ఆవిడకి చివరిదాకా అనుమానం తీరలేదు.

ఆవిడ సంగతి బాగా తెలిసినవాడు గిల్బర్ట్. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. సంఘంలో చేరిన మొదటిరోజే, "మా ఆవిడ పోయాక పొద్దుపోక వచ్చానండీ" అని నోరుజారాడు. మర్నాడు పొద్దున్నే తన కారులో ఆవిడని భార్య సమాధి దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. మ్యూరియల్ రాయి మీది అక్షరాలన్నీ చదివింది. తలలోంచి పిన్ను తీసి, అక్షరాల్లో పట్టిన నాచు గీకింది. "మంచి రాయి. ఇక నమ్ముతాను" అంది. అతనికి కోపం రావలసింది, రాలేదు. భార్య గురించి అంత శ్రద్ధగా అడిగినవాళ్ళు మరెవరూ లేరు మరి. ఆనాటి నుంచి అతని కారు ఆవిడ సొంత బండి అయిపోయింది. శ్మశానాల్లోకి ఆవిడొక్కతే వెళ్ళేది, అతను బయట కారులో పేపరు చదువుకునేవాడు.

ఇలా ఉండగా ఒక గురువారం సంఘానికి ఇనిడ్ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, కర్ర లేకుండా నడుస్తుంది, ఎవరి మాటా వినదు. ఆవిడ మనవరాలికి కొడుకు పుట్టాడు. వాడికి తన ముత్తాత, అంటే ఇనిడ్ నాన్న, ఆంబ్రోజ్ పేరు పెడతానంటుంది ఆ పిల్ల. ఇనిడ్ ఒప్పుకోవడం లేదు.

"మా నాన్న సముద్రంలో పోయాడని అమ్మ చెప్పింది. ఆ తరవాత వాల్టర్‌ని చేసుకుంది, నేను మామయ్యా అని పిలిచేదాన్ని. నన్ను పెంచింది ఆయనే" అంది ఇనిడ్. "కానీ నా చిన్నప్పుడు ఒక క్రిస్మస్ నాడు మా పిన్ని రెండు గ్లాసులెక్కువ పుచ్చుకుని, ఎవత్తెతోనో హోటల్లో దొరికిపోయిన వెధవ అని వాగింది. ఏది నిజం? వెధవ పేరు పసివాడికి అంటగట్టమంటారా?"

"సమాధి..." అని మ్యూరియల్ మొదలెట్టేలోపలే, "సముద్రంలో సమాధేమిటమ్మా" అంది ఇనిడ్.

మ్యూరియల్ లండన్ నుంచి ఇనిడ్ అమ్మానాన్నల విడాకుల కాగితం నకలు తెప్పించింది. అదృష్టం కొద్దీ అది పాతకాలపుది, ఆ తరవాతివి చాలామటుకు మిగల్లేదు. పిన్ని మాటే నిజమైంది. బ్లాక్‌పూల్ ఊళ్ళో ఒక హోటల్లో ఆంబ్రోజ్ లమ్ అనే మనిషీ, పేరు తెలియని ఒక స్త్రీ ఒకే మంచం మీద ఉండగా, పొద్దున్నే టీ తెచ్చిన పనిమనిషి చూసినట్టు ప్రమాణం చేసింది. ఇనిడ్ చదివి కాగితం బోర్లించింది.

"చాలు. పసివాడికి వాల్టర్ అని పెట్టుకోమంటాను."

గిల్బర్ట్‌కి ప్రాణం ఉసూరుమంది. "నీళ్ళలో పోయాడనుకుంటే పోయేదిగా. ఏం సాధించావు మ్యూరియల్?"

"తొందరపడకు నాయనా. ఈ పనిమనిషిని నేనెరుగుదును" అంది మ్యూరియల్. "ఇంకా చాలా విడాకుల్లో ఈవిడే సాక్షి. అదే హోటలు, అదే టీ. ఎంతమంది మొగుళ్ళకిచ్చిందో ఆ టీ."

"అంటే?"

"ఎవరో ఒకరు తప్పు చేస్తేగాని విడాకులివ్వని రోజులు. అందుకని మర్యాదస్తుడైన మొగుడు గది తీసుకునేవాడు. డబ్బిచ్చి ఒకావిణ్ణి పిలిపించి, తెల్లవార్లూ పేకాడుకుని, టీ వచ్చే వేళకి ఇద్దరూ దుప్పట్లో దూరేవారు. మొగుడూ పెళ్ళాం కూడబలుక్కున్నారని తెలిస్తే విడాకులు కొట్టేస్తారు. అందుకే జన్మలో నోరెత్తేవారు కాదు."

"ఆయనకేం పట్టింది?" అంది ఇనిడ్.

"విడాకులు రాగానే మీ అమ్మ వాల్టర్‌ని చేసుకుంది, అంటే మనసు ముందునుంచే అటుందన్నమాట. తప్పు ఆవిడ మీద పడి ఉంటే, కోర్టు నిన్ను ఆవిడ దగ్గర ఉంచేదా?"

ఇనిడ్ బోర్లించిన కాగితం తిరగేసింది. "ఇదంతా నీ ఊహ" అంది.

"ఊహే. సమాధి చూద్దాం పద. మోర్కమ్ ఊరి శ్మశానంలో ఉంది."

ఆదివారం గిల్బర్ట్ కారులో అందరూ ఇరుక్కుని వెళ్ళారు, చంటివాడితో సహా. గేటు దగ్గర కాపలాదారు మ్యూరియల్‌ని చూసి టోపీ తీశాడు. ఆవిడ ముందుకెళ్ళాక గిల్బర్ట్ చెవిలో, "పాపం ఆవిడకి ఈ శ్మశానంలో ఎంతమంది మొగుళ్ళండీ?" అన్నాడు. "ఏళ్ళ తరబడి చూస్తున్నాను. ఒక్కొక్కరి దగ్గరా కూచుని గడ్డి పీకుతుంది, ఇంటి కబుర్లు చెబుతుంది. మీ అమ్మాయికి పెళ్ళయింది, మీ మనవడు టీచరయ్యాడు అని."

గిల్బర్ట్ ఆగిపోయాడు. బతికుండగానే చచ్చాడనిపించుకున్నవాడి సమాధికి ఎవరొస్తారు? ఎవరూ రారు. అందుకని ఈవిడ వస్తోంది. ఇన్నాళ్ళూ తను కారులో తిప్పింది అనుమానప్పక్షిని కాదని అతనికప్పుడు తెలిసింది.

ఆంబ్రోజ్ రాయి చుట్టూ గడ్డి శుభ్రంగా కత్తిరించి ఉంది. ఇనిడ్ కళ్ళజోడు సర్దుకుని చదివింది. పేరు కింద చిన్న అక్షరాలు: "ఇతని రుణం తీర్చుకోలేని వాల్టర్ వేయించినది."

ఇనిడ్ మళ్ళీ చదివింది. అరచెయ్యి రాయి మీద పెట్టి అలాగే నిలబడింది. మామయ్య బతికినన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదే అనుకుంది.

గాలికి చంటివాడు గుక్కపట్టి ఏడవడం మొదలెట్టాడు. ఇనిడ్ మనవరాలి చేతుల్లోంచి వాణ్ణి లాక్కుని భుజాన వేసుకుంది.

"ఊరుకోరా ఆంబ్రోజ్. మా నాన్న దగ్గర కాస్త బుద్ధిగా ఉండు" అంది.

మనవరాలు గిల్బర్ట్ వంక చూసింది. అతను నవ్వు దాచుకున్నాడు. మ్యూరియల్ అప్పటికే పక్క వరసలో ఇంకొకాయన దగ్గర కూచుని గడ్డి పీకుతూ, వాళ్ళ ఊళ్ళో కొత్తగా పెట్టిన బేకరీ గురించి చెబుతోంది.