యాపచెట్టుకు పసుపు మూట

నాకు రాసేది సరిగా రాదు. అయిదో తరగతితో బడి మానేసినా. అక్షరాలు తప్పు పోతాయని భయంగా ఉంది.

నిన్న బస్టాండు కాడ యాపచెట్టుకు ఎవరో తడి పసుపు గుడ్డ కట్టింటే, ఆ వాసనకు చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది.

మాది గొర్లు మేపే ఇల్లు. ఒక చలికాలం ప్రొద్దుటూరులో మా అత్త ఇంటికి పోయింటి. ఆడ పార్కులో బట్టలంగడోళ్లు పిల్లోళ్లకు నిధి వెతికే ఆట పెట్టిరి.

"యాడో ఒక మూట దాచినాం. ఎవరు తెస్తే వాళ్లకు ఈ ఎర్ర స్వెటర్" అన్యాడు అంగడాయప్ప.

నాకు స్వెటర్ లేదు. శానా ఆశపడితి.

వెతుకుతా పోతే యాపకొమ్మకు పసుపుగుడ్డ మూట కనపడింది. మా ఊర్లో అట్లా కడితే అది దేవుని ముడుపు, ఎవురూ ముట్టరు. నేను చెప్పులు ఇడిసి, కండ్లు మూసుకోని, "సామీ, ఆ నిధి నాకే దొరకల్ల" అని మొక్కుకుంటి.

కండ్లు తెరిస్తే ఒక పిల్లోడు ఆ మూట ఇప్పుతాండాడు.

"ఒరే, ముడుపురా అది! ముడితే కండ్లు పోతాయి!"

"ముడుపూ లేదు గిడుపూ లేదు మే, ఇదే నిధి!" అని నగుతా పరిగెత్తె.

మా ఊరికొచ్చి ఏడిస్తే మా నాయనమ్మ, జేజి అంటాం, కంబళి కప్పి, "ముట్టకుండా వచ్చినావు, మంచిపని చేసినావు" అనింది. నాకు జేజి మీద కూడా కోపమొచ్చె.

ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తాది. అయినా నిన్న ఆ గుడ్డ చూసి చెప్పులు ఇడిసి దండం పెట్టినా. ఈసారి ఏమీ అడగలే.

చదివినోళ్లు నా తప్పులు మనసులో పెట్టుకోకుండా మన్నించండి.