బగ్గు అప్పగింతలు

ఉమామహేష్ ఆ శుక్రవారంతో రుషికొండ మీది ఆఫీసు వదిలేసి, కొండ కింద మధురవాడలోని మరో కంపెనీకి పదోన్నతి మీద దిగిపోతున్నాడు. మామూలు జనం పైకెక్కితేనే ఎదిగినట్టు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎటు జరిగినా ఎదిగినట్టే.

అతను టెస్టరు. అంటే, ఇతరులు చేసిన పనిలో తప్పులు పట్టి జీతం పుచ్చుకునేవాడు. ఆనందపురంలో అతని మేనత్త అదే పని ఏ జీతమూ లేకుండా చేస్తుంది.

తప్పుకి వాళ్ళ భాషలో బగ్గని ముద్దుపేరు. ఆ టీములో ఒక ఆచారముంది. వెళ్ళిపోయే టెస్టరు తను పట్టిన బగ్గుల్లో ఇంకా తేలనివాటిని చివరిరోజు ఎవరికో ఒకరికి అప్పగించాలి. పుచ్చుకునేవాళ్ళు "అవును, తప్పే" అని కంప్యూటర్లో ఒప్పుకుని మరీ తమ పేరున రాసుకోవాలి. ఎవరూ ముందుకు రాకపోతే సాయంత్రానికి ఆ బగ్గును మూసేస్తారు. తప్పు ఎక్కడికీ పోదు గానీ, లేనట్టే లెక్క.

ఉమామహేష్ అన్నిటినీ మంచి చోట్ల చూసి అప్పగించాడు. ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. ఓడరేవుకొచ్చే లారీ డ్రైవర్లు ఫోన్లో గేటుపాసు తీసుకునే యాప్‌లోది. వివరాలు నింపుతుండగా ఎవరైనా ఫోన్ చేస్తే, నింపిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. డ్రైవరు మళ్ళీ మొదటికి. ఆ యాప్ రాసిన నాగవంశీ ఏళ్ళ తరబడి దానికిచ్చే జవాబు ఒకటే: "నా ఫోన్లో రావట్లేదు." నాగవంశీకి ఎవరూ ఫోన్ చెయ్యరని ఉమామహేష్ అనుమానం.

వెళ్ళేలోగా ఒక్కరైనా అది తప్పేనని ఒప్పుకోవాలి. లేకపోతే గాలిని చూసి దెయ్యమన్నవాడిగానే ఈ కొండ దిగాలి. అతని బెంగంతా అదే.

కేకు కోశారు. మేనేజరు శ్రీరామ్మూర్తి గారు గొంతు సవరించుకుని, "మహేష్ లేని లోటు ఎవరూ తీర్చలేరు" అంటూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సార్, ఆ గేటుపాసు బగ్గొకటి ఉండిపోయింది" అన్నాడు ఉమామహేష్.

"ఆ లోటు భరిస్తాం" అన్నారు శ్రీరామ్మూర్తి గారు, కళ్ళజోడు పెట్టుకుంటూ.

ఉమామహేష్ ఆడపిల్ల తండ్రిలా ఒక్కొక్కరి ముందూ నిలబడ్డాడు. కొత్తగా చేరిన టెస్టరు సత్యశ్రీ రెండు చేతులూ జోడించేసింది.

"అన్నా, నీ బగ్గు నాకన్నా సీనియరు. దాన్ని నాను ఏటని పిలవాలి?"

మిగతావాళ్ళు సమోసాల్ని అంతకుముందెన్నడూ చూడనట్టు చూస్తూ కూర్చున్నారు. కింద ఆఫీసు బస్సు హారన్ కొట్టింది.

"ఇలాగియ్యి బావా. నా పేరున రాసేత్తాను" అన్నాడు మూలనుంచి ఎవరో.

నాగవంశీ! అతను చేతికంటిన క్రీము తుడుచుకుని, అందరూ చూస్తుండగా టైపు చేశాడు: "అవును, తప్పే."

ఉమామహేష్ అతణ్ణి పక్కకు తీసుకెళ్ళి, "ఇన్నాళ్ళకి ఒప్పుకున్నావేటి వంశీ?" అన్నాడు.

"ఒప్పుకోక ఏటి సేత్తాను బావా? యాప్‌లో మిగిలింది ఇదొక్కటే. ఇదీ మూసేత్తే, మరి నాగవంశీ ఎందుకని సారు అడగరా? నువ్వంటే ఇంకో కంపెనీ సూసుకున్నావు. నానెక్కడికెల్తాను?"

"అయితే బాగుసేత్తావా?"

"బాగుసేత్తే పోతాది కదేటి! పెంచుకుంటాను."

గేటు ముందు తిట్టుకుంటూ మళ్ళీ మొదటినుంచీ నింపుకుంటున్న డ్రైవర్లు ఒక్క క్షణం ఉమామహేష్ కళ్ళముందు మెదిలారు. అంతలో తెరమీది ఆ రెండు మాటలూ కనిపించాయి. దగ్గరకెళ్ళి ఇంకోసారి చదువుకున్నాడు. సత్యశ్రీని పిలిచి, తనూ తెరా ఇద్దరూ పడేలా ఒక ఫొటో తియ్యమన్నాడు.