సిమెంటు గోలెంలో యుద్ధ ట్యాంకు

రండి, ఈ చాప మీదికి ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, చెబుతాను. ఆ రోజుల్లో, అంటే మా ఊళ్ళోకి టచ్ ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, నాకు పెళ్ళయి ఏడాది. మొగుడికున్న పిచ్చి మనకీ పట్టాలనుకునే వయసు. మా బావకి (మేనత్త కొడుకు, అతనే మా ఆయన) యుద్ధ ట్యాంకుల పిచ్చి. ప్లాస్టిక్ ముక్కలు అంటించి అరచేతిలో పట్టేంత ట్యాంకులు చేసేవాడు. ఓసారి విజయనగరంలో బొమ్మల ప్రదర్శనకి ఒకటి పెడితే, ఎవరో పెద్దమనిషి పైమూత ఎత్తి, "ఏటి బాబూ, లోపలంతా డొల్లేనా?" అన్నాడట. ఇంటికొచ్చి జిగురుతో సహా అన్నీ అటకెక్కించేశాడు. నెలరోజులు నవ్వలేదు. ఆ నవ్వు మళ్ళీ చూస్తానో లేదోనని నాకు బెంగ పట్టుకుంది.

ట్యాంకు లోపల ఎలా ఉంటుందోనని ఫోనులో వెతికితే అన్నీ బయటి ఫొటోలే. లోపలివి ఒకటీ రెండూ దొరికినా చీకటి తప్ప ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చాడు మా అమ్మ తండ్రి, మా తాత. చీపురుపల్లి దగ్గర పల్లె. మిలట్రీలో ట్యాంకు నడిపిన మనిషి. (ముందే గుర్తు రాలేదా అంటారేమో. మా ఇంట్లో ట్యాంకు నడపడమంటే ట్రాక్టరు నడపడం లాంటిదే.)

"మాటల్తో సెప్పడం నా వల్ల కాదే. కూకుంటే సేతులే సెప్తాయి," అన్నాడు తాత, నేనూ బావా వెళ్ళి అడిగితే. సరే, పెరట్లో నీళ్ళు పట్టే సిమెంటు గోలెం ఖాళీ చేసి, లోపల పీట వేశాం. తాత ముడుచుకుని దిగి కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు తెరువు, పడిపోతావు," అంది అమ్మమ్మ.

"తెరిస్తే నువ్వు కనిపిస్తావే, ట్యాంకు కనిపించదు!"

ఆయన చెయ్యి ఎక్కడికి పోతే అక్కడ నేనొక సామాను పట్టుకోవడం, బావ టేపుతో కొలిచి గీసుకోవడం. గరిటె గేరయింది. రెండు పప్పుగుత్తులు ట్యాంకుని పక్కలకి తిప్పే కర్రలయ్యాయి.

"లోపల రంగేటి తాతా, పచ్చేనా?" అన్నాడు బావ.

"పచ్చేస్తే సీకట్లో ఏటి కనిపిస్తాదిరా? తెలుపు!"

ఇంతలో చెయ్యి వీపు వెనక్కి పోయింది. గబుక్కున అట్లకాడ అందించాను. బావ అదీ గీసేశాడు. "ఇదేటి తాతా?" అన్నాను.

"గోక్కుంతన్నానే పిల్లా!"

(దిగడమైతే దిగాడు గానీ, లేవలేకపోయాడు. చెరో రెక్కా పట్టి లాగాం.)

మూడు నెలలు కూర్చుని బావ లోపలంతా చేశాడు. తీరా ప్రదర్శనకి వెళితే, ఆ ఏడు కొత్త పద్ధతి: అన్నీ అద్దాల పెట్టెల్లో, ముట్టుకోకూడదు. ట్యాంకు మూత మూసే ఉంది. బతిమాలినా ప్రదర్శన వాళ్ళు తియ్యనివ్వలేదు. "మళ్ళీ డొల్లే అనుకుంతారే," అన్నాడు బావ, మొహం మాడ్చుకుని.

ఇస్త్రీ చొక్కా వేసుకుని మాతో బస్సెక్కి వచ్చిన తాత అదంతా విన్నాడు. ఓ కుర్చీ లాక్కుని ఆ పెట్టె పక్కనే కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. "లోపల తెలుపు బాబూ! ఇదిగో గేరు. ఈ కర్ర లాగితే ఇటు తిరుగుతాది..." ఖాళీ గాలిలో ఆయన చేతులు ఎక్కడా తడబడలేదు. ఒక్కొక్కరే మిగతా బొమ్మలు వదిలేసి ఆయన చుట్టూ చేరారు. వెనక నిలబడ్డ బావని చూశాను. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

బహుమతి ఎవరిదో రైలింజనుకి ఇచ్చారు. నేను బస్సు దిగేదాకా వాళ్ళని తిడుతూనే ఉన్నాను. వెళ్ళింది దేనికో అది దొరికాక కూడా పోట్లాడిన నాలోని ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది.

మీ పెద్దల మాటకి వినే చెవులు దొరకాలి. మీ పొయ్యి మీది అన్నం ఇంటిల్లిపాదికీ సరిపోయి, ఇంకొకరికి మిగలాలి. చల్లగా ఉండండి.