అమాస నాటి మగ్గం

"అమాస నాడు మగ్గం ముట్టిన చెయ్యి ఎవలిది?" కులపెద్ద అంతయ్య నేతసంఘం అరుగు మీద నిలబడి గద్దించాడు.

"నాది," అన్నది కిష్టవ్వ. "తొక్కిన కాలు గూడ నాదే. నా మేనకోడలు సత్తమ్మ పక్కన నిలవడ్డది. ఇంకేమన్న అడిగేదుంటె అడుగు."

మానేరు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరి పద్మశాలి వాడలో అమావాస్య నాడు మగ్గం ఆడదు. అది తాతల నాటి కట్టు. ఆడది మగ్గం ఎక్కడం అంతకన్నా పెద్ద తప్పు. రెండు తప్పులూ ఒక్క రోజే చేసి, తల దించకుండా నిలబడింది కిష్టవ్వ. గుంపు వెనక ఆమె తమ్ముడి భార్య ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. సత్తమ్మ ఐలవ్వ కూతురే, పదిహేనేళ్ల పిల్ల. తల్లి సిగ్గుతో చచ్చిపోతోందని అందరూ అనుకున్నారు.

"దండుగ కట్టాలె. అమాస నాడు మగ్గం పండుకోవాలె. మగ్గం దేవుడసొంటిది," అన్నాడు అంతయ్య.

"దేవుడే, కాదంటలేను. అంతయ్యన్నా, అమాస తెల్లారి పొద్దుగాల్నే నువ్వు మగ్గం మీద కూసుంటవు గదా. నాడెల పెట్టుకునే నూలు కండెలు ఎవలు చుట్టిపెడ్తరు?"

"మా ఇంటిది."

"ఎన్నడు చుడ్తది?"

అంతయ్య భుజం మీది కండువా సర్దుకున్నాడు.

"చెప్పు మరి! అమాస నాడే గదా? మీరు తలకు పోసుకొని కాళ్లు చాపుకొని పంటరు. గీ వాడల ఆడోళ్లందరం రాట్నాల ముంగట కూసుంటం. మా అవ్వ కూసున్నది, మీ అవ్వ కూసున్నది. ఇన్నేండ్లు మా చేతులకు లేని అమాస, మొన్న నా కాళ్లకు యాడికెల్లి వచ్చింది? దండుగ నేను కడ్త. ముందుగాల గా కండెలకు మీరు కట్టున్రి!"

గుంపులో ఒక ముసలామె కిసుక్కున నవ్వింది. ఆమె అంతయ్య భార్య. దాంతో దండుగ మాట అక్కడికక్కడే సచ్చిపోయింది.

ఈ రభసంతా సత్తమ్మ కోసం. ఆ పిల్లకు ఏ పని మీదా నిలకడ లేదని ఇంట్లో గోల. పొద్దున ముగ్గుకు కూర్చుందంటే తమ వాకిలి నింపి, పక్కింటి వాకిలీ నింపి గానీ లేవదు. మధ్యాహ్నం వడ్రంగి పని చేసే వడ్ల రాజం కొట్టంలో చేరి చెక్కపేళ్లతో సన్నసన్న పుల్లలు చెక్కుతుంది. బతుకమ్మ నాళ్లలో వాడకంతటికీ పాట ఎత్తేది ఆమే. ఎన్ని చుట్లు తిరిగినా చప్పట్ల లెక్క తప్పదు.

"మూడు తీర్ల పిచ్చి. ఒక్కటన్న బువ్వ పెడ్తదా?" అని తండ్రి లచ్చయ్య బీడీల చాట తెచ్చి పిల్ల ఒళ్లో పెట్టాడు. బీడీలు చుట్టే తునికాకు తడిపి, కత్తిరించి ఇచ్చింది మాత్రం ఐలవ్వే. ఆ సంగతి దాచి లాభం లేదు.

కిష్టవ్వ వచ్చి ఆ చాటను అటక మీదికి విసిరేసింది. "దేవుడు పిల్లకు మూడు చేతులిచ్చిండు. మీరు రెండు నరికి కూసోవెడ్తరారా?"

సంఘానికి ఆ మధ్యే డాబీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి యేడు అది. డాబీ అంటే మగ్గం నెత్తిన బిగించే చెక్కపెట్టె. దానికి దండలా చెక్కపట్టీలు వేలాడతాయి, పట్టీల నిండా రంధ్రాలు. ఏ రంధ్రంలో పుల్ల గుచ్చితే ఆ పోగులు లేచి, అంచు మీద పువ్వు పడుతుంది. నేర్పడానికి వచ్చిన మాస్టరు ఒక్క పువ్వుకు పుల్లలు గుచ్చి వెళ్లిపోయాడు. వాడంతా అదే పువ్వు నేసి నేసి విసిగింది. పుల్ల కదిపే ధైర్యం ఒక్క మగాడికీ లేకపోయింది.

కిష్టవ్వ పిల్లను ఆ దండ ముందు కూర్చోబెట్టింది. "ఏం కనవడ్తుంది?"

సత్తమ్మ చాలాసేపు చూసింది. "చుక్కలు, అత్తా. ముగ్గు చుక్కలే. గీత పోయే కాడ పుల్ల, పోని కాడ ఖాళీ."

"పుల్లలో?"

"నేనే చెక్కుత."

"నడుమ పుల్ల ఊడిపోతె ఎట్ల తెలుస్తది?"

"పాట కడ్త. పట్టీకొక మాట. పుల్ల ఊడితె పాటకు పువ్వుకు కుదరది. అప్పుడే ఆపొచ్చు."

సంఘం మగ్గం ఖాళీగా దొరికేది అమావాస్య ఒక్కనాడే కాబట్టి కిష్టవ్వ ఆ రోజే ఎక్కింది. ఆమెకు నేత వచ్చని అప్పటిదాకా ఐలవ్వ ఒక్కదానికే తెలుసు. పోలీసు యాక్షన్ జరిగిన యేడు కిష్టవ్వ పెనిమిటి జ్వరంతో పోయాడు. చీర మగ్గం మీద సగంలో ఆగింది. ఆమె తలుపు గొళ్లెం పెట్టుకుని మిగతా సగం నేసి, ఆయన పేరు మీదే ఇచ్చింది. ఈ అంతయ్యే దాన్ని తిప్పి తిప్పి చూసి, "చెయ్యంటె గిది" అన్నాడు. ఆ మెప్పు చచ్చినవాడికి పోయింది. ఆ మాట ఆమె ఐలవ్వతో ఒక్కసారే అన్నది గానీ, మరచిపోలేదు.

మొదటి అమావాస్యకు జానెడు అంచు దిగింది. దాని మీద గుమ్మడిపువ్వు. పంచాయితీలో ఓడిన అంతయ్య దాన్ని చూసి కొత్త మెలిక పెట్టాడు.

"జానెడు ఎవలైన నేస్తరు. వచ్చే అమాస పొద్దుగూకేవరకు గజం బట్ట తెచ్చి గీ అరుగు మీద పరువున్రి. అట్లయితె డాబీ పని పిల్లకే ఇస్తం. మా మొగోళ్లు మాత్రం మీ కోసం మగ్గం తొక్కరు. సంఘం లెక్కల పేరు లచ్చయ్యది రాస్తం."

"పేరు సత్తమ్మది," అన్నది కిష్టవ్వ.

"గజం కానియ్యి, చూద్దాం. కాకుంటె బీడీల చాట ఉండనే ఉన్నది."

అమావాస్య నాలుగు రోజులుందనగా కిష్టవ్వ నీళ్లబిందెతో జారి పడింది. మోకాలు బూరెలా పొంగింది. లచ్చయ్య అటక మీంచి చాట దించి, దుమ్ము దులిపి, గోడకు ఆనించి పెట్టాడు. సత్తమ్మ దాని వైపు చూడకుండా పుల్లలు చెక్కుతూనే ఉంది.

ఐలవ్వ ఇటుక వేడి చేసి, గుడ్డలో చుట్టి ఆడబిడ్డ మోకాలికి కాపడం పెట్టింది.

"ఐలవ్వా, ఇరువై ఏండ్లు నా తమ్ముని పక్కన రాట్నం తిప్పినవు. ఏ సప్పుడు ఎనక ఏ కాలు వడ్తదో నీకు తెల్వదా?"

"నాకేం తెల్వదు వదినె. నన్ను గుంజకు."

"అబద్ధమాడకు. మొన్న పంచాయితీల కొంగు నోట్లె కుక్కుకున్నవు. అందరు సిగ్గనుకున్నరు. నువ్వు నవ్వు ఆపుకున్నవు. నేను చూసిన."

ఐలవ్వ ఇటుకను రెండో వైపుకు తిప్పింది.

"అమాస నాడు మగ్గం గుంటల నువ్వు కాళ్లు వెట్టు. పిల్ల పుల్లలు చూసుకుంట పాడ్తది, నువ్వు తొక్కు. నేను గడపల కూసుంట, ఎవడొస్తడో రానియ్యి. గజం నిండినంక నువ్వే తీస్కపోయి అరుగు మీద పరువు. ఎవలిదని అడిగితె నీ మొగని పేరు చెప్పకు. నీ బిడ్డ పేరు చెప్పు."

ఐలవ్వ లేచి, గోడకు ఆనించిన బీడీల చాట తీసి మళ్లీ అటక మీద పెట్టింది.