ద్రాక్షారామం దారిలో హీటరు పైపు

మా నాన్నగారి కారుని నా చేతులతో నేనే నవ్వులపాలు చేసిన కథ ఇది. ఆ రోజు నాకొచ్చిన కోపం ఊరంతా పంచినా ఇంకా మిగిలేది. ఆ కోపం ఎవరి మీద కుమ్మరించానో, అసలు ఎవరి మీద కుమ్మరించుకోవాలో తెలిశాక మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం కోపం లేదు. కొంచెం ఉంది.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఎప్పుడూ ఒంట్లో నలతగా ఉండేదని నాన్నగారే చదువు చెప్పారు, అదీ షెడ్డులో ఉండే తెల్ల అంబాసిడర్ వెనక సీట్లో కూర్చోబెట్టి. అక్షరాలు, ఎక్కాలు, కోపం వస్తే పది లెక్కపెట్టడం, అన్నీ అక్కడే నేర్పారు. చివరిది ఒంటబట్టలేదు.

ఆయన పోయాక ఆ కారు రామచంద్రపురంలో మా ఇంటికొచ్చింది. పోయినేడు ఇంజను వేడెక్కి రెండుసార్లు దారిలో ఆగేసరికి మావారు అమ్మేద్దామన్నారు. నేను రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే రాజీకొచ్చారు. "సోమవారం ద్రాక్షారామం వెళ్దాం. మధ్యలో ఎక్కడా ఆగకుండా ఇంటికి తిరిగొస్తే ఉంచుకుందాం. ఆగిందా, మంగళవారం బేరగాడొస్తాడు."

కారు విడిభాగాల కొట్టు సత్తిబాబుగారు బానెట్ ఎత్తి చూసి, ఇంజనుకి నీళ్ళు తిప్పే రబ్బరు పైపులన్నీ ఎండి బీటలు వారాయన్నారు. రేడియేటర్ పైపులు మారుద్దాం, హీటరుకెళ్ళేవి మాత్రం తీసేసి మూసేద్దామన్నారు. "మనూళ్ళో హీటరేంటండి. చలేస్తే కాసేపు ఎండలో నిలబడితే సరిపోద్ది, ఆయ్."

నిజమే. మా ఊళ్ళో హీటరంటే మండుటెండలో కంబళి కప్పుకోవడం. అయినా నాకు మండింది. నాన్నగారి కారులో ఒక్క ముక్క కూడా కోయడానికి వీల్లేదని, పైపులన్నీ ఇస్తే నేనే వేసుకుంటానని చెప్పాను.

"మీరాండి?" అన్నారాయన.

ఒక్కటే మాట. నా ఒళ్ళు అట్లపెనమైపోయింది.

ఆదివారం పొద్దున్నే దీపం పెట్టుకుని పనిలోకి దిగాను. పాత నీళ్ళు బేసిన్‌లోకి వంపేశాను. రేడియేటర్ పైపులు బుద్ధిగా ఎక్కాయి. హీటరు పైపు దగ్గరే వచ్చింది తంటా. చివర కాస్త కూలెంటుతో, అదే ఇంజనుని చల్లబరిచే నీళ్ళతో, తడిపి మెల్లగా తిప్పుతూ నెట్టమని ఫోనులో వీడియో ఆయన చెబుతున్నాడు. తడిపాను, తిప్పాను, నెట్టాను. వేళ్ళ తోలు ఊడింది గానీ పైపు కదల్లేదు. చెవిలో "మీరాండి?" మోగుతూనే ఉంది.

అప్పుడు మెరిసిందండీ నా బుర్రలో. బిగుతు గాజులు ఎక్కకపోతే ఏం చేస్తాం? నూనె రాస్తాం. వీడియోలో ఆ మగమనిషికి గాజుల సంగతేం తెలుసు? మా పెరటి కాయల కొబ్బరినూనె సీసా తెచ్చి పైపు లోపల, ఇనప గొట్టం మీద ధారాళంగా పట్టించాను. సర్రుమని ఎక్కేసింది. క్లిప్పు బిగించి, కొత్త నీళ్ళు నింపి, పైపుకి బొట్టు పెట్టి, తోవ చూపినందుకు భీమేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకున్నాను. నూనెతో ఎక్కిన గాజు నూనెతోనే జారిపోతుందని ఇన్నేళ్ళు గాజులు తొడుక్కున్న దాన్ని, ఆ క్షణాన తోచలేదు.

సోమవారం కారు హంసలా వెళ్ళింది. దర్శనం బాగా అయింది. తిరుగు దారి సగంలో మావారు ముక్కు ఎగబీల్చారు.

"ఏంటి, కొబ్బరి వేపుడు వాసన?"

"పక్కింట్లో ఎవరో వండుతున్నట్టున్నారండి."

రెండు పక్కలా వరిచేలు. కనుచూపు మేరలో ఇల్లన్నది లేదు.

ఠప్పుమంది. ఇడ్లీపాత్ర మూత తీసినట్టు బానెట్ కింద నుంచి ఆవిరి తన్నుకొచ్చింది. కారు ఆగింది. మావారు వాచీ చూసుకున్నారు. తిట్టినా బాగుండేది.

అటుగా వచ్చిన ట్రాక్టరుకి తాడు కట్టి లాగించుకుంటూ ఇంటికి కాదు, నేరుగా సత్తిబాబుగారి కొట్టుకే తీసుకెళ్ళమన్నాను. దారంతా మాటలు నూరుకుంటూ వచ్చాను. పది లెక్కపెట్టాల్సింది, రెండు దగ్గరే దిగాను.

"దేవుడి దగ్గరికెళ్ళే మనుషులకి ఇలాంటి పైపు అంటగడతారాండి? ఇది రబ్బరా, అప్పడమా? కొట్టు మూసుకోండి."

ఇంకా చాలా అన్నాను. రాయడానికి సిగ్గేస్తోంది. కొట్లో బేరానికొచ్చిన వాళ్ళంతా చేతులు కట్టుకుని విన్నారు. సత్తిబాబుగారు అన్నీ విని, ఇంజను చల్లారాక ఊడి వేలాడుతున్న పైపు చివర పట్టుకున్నారు. చిరగలేదు, పగల్లేదు. వేళ్ళు రాసి చూసుకున్నారు. వాసన చూశారు. మావారి ముక్కు దగ్గరా పెట్టారు.

"అమ్మగారూ," అన్నారు ఎంతో మర్యాదగా, "దీనికి తలంటారాండి?"

కొట్టు కొట్టంతా ఘొల్లుమంది. మావారైతే మడ్‌గార్డు పట్టుకుని కింద కూలబడి నవ్వారు. నూనె తగిలిన పైపు పనికిరాదని సత్తిబాబుగారు ఇంకోటి తీసి, చివర కూలెంటుతో తడిపి నిమిషంలో ఎక్కించారు. వీడియోలో ఆయన చెప్పినట్టే. తప్పు కారుది కాదండీ అని మావారికి ఆయనే సర్దిచెప్పారు. అంతలేసి మాటలు పడ్డ మనిషి. చేతులు జోడించి క్షమించమన్నాను. ఆయన మేలు ఈ జన్మకి మర్చిపోను. ఆ "మీరాండి?" కూడా మర్చిపోను.

మావారు అక్కడి నుంచే బేరగాడికి ఫోన్ చేసి రావద్దన్నారు. నా కళ్ళు చెమ్మగిల్లేలోపే నా వైపు తిరిగారు. "కారు ఉంటుంది. నూనె సీసాకి మాత్రం ఇవాళ్టి నుంచి తాళం."

కాబట్టి భీమేశ్వరస్వామి సాక్షిగా చెబుతున్నాను. ఇక ఈ జన్మలో కొబ్బరినూనె తలకి, దీపానికి తప్ప దేనికీ రాయను. ముందు పైపు వాసన చూడకుండా ఏ మనిషినీ తిట్టను.