నోటికి అడ్డం వచ్చిన చెయ్యి

మదనపల్లె కాలేజీలో మైకు పట్టుకుంటే వదలని పిల్ల మునిలక్ష్మి. ఢిల్లీలో పెద్ద యూనివర్సిటీకి పోయినాక మాట్లాడబోయే ముందు ఆమె చెయ్యి దానంతటదే నోటికి అడ్డం పోతోంది. అక్కడ మొదటిసారి లేచి ప్రశ్న అడిగినప్పుడు, ఆమె ఇంగ్లీషులోని యాస విని క్లాసంతా పగలబడి నవ్వింది. అప్పట్నుంచీ ప్రతి మాటనీ లోపలే దిద్దుకుంటుంది. దిద్దుకునేలోపు అవతల సంగతే మారిపోతుంది. అంత గొప్ప సీటు వదిలేస్తే ఊరు ఊరుకోదు, ఉంచుకుంటే గొంతు దక్కేటట్టు లేదు. సెలవులకి పుంగనూరు దగ్గరి పల్లెకి వచ్చినా ఇదే తూకం.

పొద్దున్నే అమ్మ రెడ్డెమ్మ చెంబు పట్టుకుని పొట్టి ఆవు పక్కన కూర్చుంది. దూడను విడిచినా ఆవు పాలు చేపడం లేదు.

"నువ్వు పోయినప్పట్నుంచి సగం పాలు పొదుగులోనే దాసుకుంటాండాది. ఒకసారి పిలువమ్మా, నీ గొంతు ఇంటే ఇడుస్తాది."

మునిలక్ష్మి నోరు తెరిచింది. చిన్నప్పటి నుంచీ పిలిచిన పిలుపే. నవ్వేవాళ్లెవరూ లేరు. అయినా చెయ్యి లేచింది.

రెడ్డెమ్మ మొహం మాడిపోయింది. "ఆవును పిలిసేదానికి కూడా సిగ్గైపాయనా? అంత పెద్దదానివైపోతివా?"

కాదమ్మా అనాలి. ఆ ఒక్క మాటనీ లోపల దిద్దుకుంటూ ఉండగానే అమ్మ ఖాళీ చెంబుతో లేచిపోయింది. ఆవు మాత్రం చెవులు నిక్కించి, ఆ చెయ్యి ఎప్పుడు దిగుతుందా అన్నట్టు ఆమె మొహంకేసే చూస్తూ నిలబడింది.