అత్త కడుపులో కరెంటు
మా వైపు రేడియేషన్ అనే మాట ఎవరూ వాడరు. 'కరెంటు పెట్టించుకున్నారు' అంటారు. బెంగళూరు ల్యాబులో రేడియోధార్మిక బంగారు నానో రేణువుల మీద పనిచేసే నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో కూడా జనాన్ని దిద్దేదాన్ని. ఎవరూ వినేవారు కాదు.

చివరికి ఆ మాటే మా అత్త ప్రాణం మీదికి తెచ్చింది. అత్త అంటే మా నాయన చెల్లెలు, హిందూపురంలో పూజా సామాన్ల దుకాణం నడుపుతుంది. గర్భాశయ క్యాన్సర్‌కు బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ అయిపోయింది, లోపల పెట్టే చికిత్స మిగిలింది. అది మానేస్తే జబ్బు తిరగబెడుతుందని డాక్టర్లు చెప్పినా వినకుండా ఇంటికి వచ్చేసింది. ధర్మవరం నుంచి నాయన ఫోన్ చేసి, "నీ మాటయితే వింటాదేమో, పొయ్యి చెప్పు" అన్నాడు.

వెళ్ళాను. అత్త గల్లాపెట్టె ముందు కూర్చుని ఉంది.

"బయట పెడితే ఓర్చుకుంటి. కడుపులో కరెంటు పెడితే షాక్ కొట్టదా? ఈడ దినామూ కరెంటు పోతాండాది. నడమ పోతే నా గతేంది?"

నవ్వు ఆపుకుని కర్పూరం డబ్బా మూత తీశాను.

"దీనికి కరెంటు ఉండాదా అత్తా? వాసన దానంతట అదే వస్తాది. దగ్గరుంటే గట్టిగా, దూరం పోతే తక్కువ. వాళ్ళు పెట్టేదీ ఇట్లాంటిదే. గొట్టంలోంచి చిన్న గింజను గడ్డ పక్కన కాసేపు పెట్టి తీసేస్తారు."

"మరి నువ్వు చేసేదేంది?"

"బంగారాన్ని కంటికి ఆననంత పొడి చేసి, సూదితో గడ్డలోకే ఎక్కిస్తాం. ఆడే ఉండి గడ్డను చంపుతూ దాని బలం అదే తగ్గిపోతాది. మాటిమాటికీ గొట్టాలు పెట్టే బాధ తప్పించాలని మా ఆశ."

"బంగారమా? నాకు అదే పెట్టు. దాచుకునేదానికి అంత భద్రమైన చోటు యాడుండాది?"

"మనుషుల దాకా రాలేదత్తా. ఇంకా ఎలుకల కాడే ఉండాము."

అత్త కర్పూరం డబ్బా మూత బిగించింది. తర్వాత లేచి ఆసుపత్రి సంచి సర్దుకుంది.

ఆసుపత్రికి నేనూ తోడు వెళ్ళాను. చికిత్స గది బయట పెనుకొండ నుంచి వచ్చిన ఒకావిడ లోపలికి పోనని ఏడుస్తోంది. అత్త ఆమె చెయ్యి పట్టుకుంది.

"అది కరెంటు కాదక్కా, మా అన్న కూతురు చెప్పింది. దీన్ని ఇంకా సులువు చేసే పని ఆ పిల్లే చేస్తాండాది."

మా పరిశోధన అచ్చయినప్పుడు కూడా నాకు అంత గర్వం కలగలేదు.

"అయితే అదొచ్చినాకే పెట్టించుకుంటా" అంది ఆవిడ.

"అదొచ్చేదాకా మనం కూచుంటాం సరే, జబ్బు కూచుంటాదా? నేను ముందు పోతా, నువ్వు నా వెనకాలే రా" అని అత్త గదిలోకి నడిచింది.